పాఠకుల ప్రశ్నలు: ‘నిరూపించాడు’ అని ఎప్పుడు రాయవచ్చు?

ప్రశ్న: నేను అణు జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో ‘1865లో మెండెల్ జన్యువులను కనుగొన్నాడు, 1944లో ఏవరీ డీఎన్ఏయే జన్యుపదార్థమని నిరూపించాడు, 1952లో హెర్షీ, చేజ్ దానిని ధ్రువపరిచారు’ అనే వరుసలో రెండు పేజీలు రాశాను. మా పర్యవేక్షకులు ‘ఇది తేదీల పట్టిక, చరిత్ర కాదు’ అని తిప్పి పంపారు. ఏమి మార్చాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: తేదీల కంటే ముందు మీ క్రియాపదాలను చూడండి, చిక్కంతా ‘నిరూపించాడు’ దగ్గరే ఉంది. ఏవరీ, మెక్లియాడ్, మెకార్టీ 1944లో ప్రచురించిన వ్యాసం శీర్షికలో జన్యువు అనే మాట లేదు. న్యుమోకాకస్ బాక్టీరియాలో ఒక రకాన్ని మరొక రకంగా మార్చే పదార్థపు రసాయన స్వభావం గురించిన అధ్యయనమని ఉంది; డీఎన్ఏ పేరు ఉపశీర్షికలో, ఆ మార్పును కలిగించిన భాగంగా మాత్రమే వస్తుంది. ప్రోటీన్లను, ఆర్‌ఎన్‌ఏను ఛేదించే ఎంజైములు కలిపినా ఆ పదార్థపు శక్తి తగ్గలేదని చూపిన తరువాత కూడా, డీఎన్ఏకు అంటిపెట్టుకుని ఉన్న మరేదో పదార్థం లేశమాత్రంగా ఈ పని చేస్తూ ఉండవచ్చునన్న అవకాశాన్ని వారే వ్యాసంలో ప్రస్తావించారు. అయితే 1943 మేలో తమ్ముడికి రాసిన ఉత్తరంలో, ఇది జన్యువే కావచ్చునన్న ఊహను ఏవరీ దాచుకోలేదు. ఉత్తరంలో రాసుకున్నదానికీ అచ్చుకు ఇచ్చినదానికీ మధ్య ఉన్న ఈ దూరమే, నా దృష్టిలో, శాస్త్రీయ రచన నేర్చుకునేవారు అన్నిటికంటే ముందు చదవవలసిన పాఠం.

అంత జాగ్రత్త ఎందుకంటే, డీఎన్ఏ నాలుగే భాగాలు ఒకే తీరుగా పునరావృతమయ్యే అణువని, వంశపారంపర్య వైవిధ్యాన్ని మోయగల సంక్లిష్టత ప్రోటీన్లకే ఉందని ఆనాడు చాలామంది భావించేవారు. ఏవరీ పనిచేసిన సంస్థలోనే ఉన్న మిర్‌స్కీ, ఆ నమూనాల్లో ప్రోటీన్ మిగిలి ఉండవచ్చునని అభ్యంతరం చెప్పాడు. ఈ నేపథ్యాన్ని రెండు వాక్యాలలో చెబితే మీ పట్టిక చరిత్రగా మారుతుంది, ఎందుకంటే 1952 నాటి ప్రయోగం ఎందుకు అవసరమైందో అప్పుడు పాఠకునికి అర్థమవుతుంది. ఆ ప్రయోగంలో హెర్షీ, చేజ్ బాక్టీరియోఫేజ్ (బాక్టీరియాపై దాడి చేసే వైరస్) నుంచి ఏది బాక్టీరియాలోకి వెళుతుందో చూడడానికి, దాని ప్రోటీన్‌కు రేడియోధార్మిక గంధకంతోనూ, డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరంతోనూ గుర్తు పెట్టారు. ప్రోటీన్‌కు గుర్తుగా పెట్టిన గంధకంలో కొంత భాగం బాక్టీరియాతోనే ఉండిపోయింది కనుక, శుద్ధి విషయంలో ఏవరీ బృందానిదే పైచేయి. అయినా తరువాతి ప్రయోగమే ఎక్కువమందిని ఒప్పించింది; చరిత్రలో ఇటువంటి విచిత్రాలు ఉంటాయి. హెర్షీ, చేజ్ కూడా ఫేజ్ వృద్ధిలో డీఎన్ఏకు ఏదో పాత్ర ఉందని మాత్రమే అని, ఈ ప్రయోగాల నుంచి అంతకు మించిన రసాయనిక నిర్ధారణలు చేయరాదని స్పష్టంగా రాశారు. అందుచేత మీ వాక్యంలో ‘ధ్రువపరిచారు’ బదులు ‘ఆ భావనకు బలమైన ఆధారం చేకూర్చారు’ అనండి.

మెండెల్ సంగతి సులువు. ఆయన 1865లో సభలో చదివిన పరిశోధన 1866లో అచ్చయింది, కనుక వ్యాసాన్ని ఉదహరించేటప్పుడు 1866 అని ఇవ్వాలి. ‘జన్యువు’ అనే మాటను 1909లో యోహాన్సెన్ ప్రవేశపెట్టాడు కనుక, మెండెల్ బఠానీ మొక్కల లక్షణాలు తరతరానికి ఏ నిష్పత్తులలో పంపిణీ అవుతాయో చూపాడని రాయడమే న్యాయం.

ప్రశ్న: మూల వ్యాసం జర్మన్‌లో ఉంటే అనువాదాన్ని ఉదహరించవచ్చునా?

జవాబు: నిస్సందేహంగా. మెండెల్ వ్యాసానికి 1901లోనే ఇంగ్లీషు అనువాదం వచ్చింది. మీరు ఏ అనువాదం చదివారో, దాని సంవత్సరమేదో చెప్పి, మూల ప్రచురణ సంవత్సరాన్ని కూడా పక్కనే ఇవ్వండి. పాఠ్యపుస్తకంలో మాత్రమే చదివి మూలాన్ని చూసినట్లు రాయవద్దు. అలా రాసినప్పుడే 1866 వ్యాసంలోకి ‘జన్యువు’ చొరబడుతుంది.