ఊరి పేరుతో వెతికేటప్పుడు

చిరంజీవి మేనకోడలికి,

ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు. నెల్లూరులో రొయ్యల మేత డీలర్ దగ్గర రైతుల లెక్కలన్నీ నీ చేతికే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. డేటాబేస్‌లో ఊరి పేరుతో వెతికితే ఒకసారి ఎక్కువమంది, ఇంకోసారి తక్కువమంది వస్తున్నారని అడిగావు కదా. ఇవి ఫోన్‌లో చెబితే సగమే ఎక్కుతాయి, అందుకే రాస్తున్నా.

క్వెరీలో, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో, రాసే లైక్ (LIKE) అనే మాట అక్షరాలను చూస్తుంది, ఊరిని చూడదు. చిరునామా కాలమ్‌లో '%నెల్లూరు%' అని వెతికితే 'నెల్లూరు రోడ్డు, కావలి' అని రాసుకున్న రైతూ వస్తాడు, ఆత్మకూరు దగ్గరి నెల్లూరుపాలెం వాళ్లూ వస్తారు. పిన్ కోడ్ పట్టుకుంటే సరిపోతుందనీ అనుకోకు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరును ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు. పిన్ మాత్రం 523105 గానే ఉండిపోయింది. అప్పట్లో జిల్లా మొత్తం కావాలని '524%', అంటే 524తో మొదలయ్యే పిన్‌లన్నీ, అని రాసినవాళ్లకు కందుకూరు రైతు ఒక్కడూ దొరికేవాడు కాదు. అందుకే ఊరు, మండలం, జిల్లా వేర్వేరు కాలమ్‌లుగా పెట్టిద్దామని మీ ఓనర్‌తో గట్టిగా చెప్పు. ప్యాటర్న్ (లైక్ పక్కన రాసే నమూనా) ఎంత తెలివిగా రాసినా ఆ లోటు తీరదు.

శాతం గుర్తు ఉన్నచోట ఎన్ని అక్షరాలైనా ఉండొచ్చు, అసలు లేకపోయినా ఫర్వాలేదు. అండర్‌స్కోర్‌కి కచ్చితంగా ఒక్కటే ఉండాలి. తెలుగు డేటాలో తికమక ఇక్కడే మొదలవుతుంది. 'నెల్లూరు' మన కంటికి మూడక్షరాలు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి మాత్రం న, ఎత్వం, ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము... మొత్తం ఎనిమిది. మూడు అండర్‌స్కోర్లు పెట్టి వెతికితే నెల్లూరు రాదు. ఫోన్ కీబోర్డుల్లో కొట్టిన పేర్లతో ఇంకో చిక్కుంది. 'కుమార్' చివర పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు చేరిపోతుంటుంది. అప్పుడు '%కుమార్' అని వెతికితే ఆ మనిషి దొరకడు. అనుమానం వస్తే లెంగ్త్ ఫంక్షన్‌తో కొలువు. ఆరు రావాల్సిన చోట ఏడు వచ్చిందంటే అదే. సైదాపురంలోని ఐత్వాన్ని కూడా యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలను దాచే పద్ధతిలో) ఒకే ముక్కగానూ, రెండు ముక్కలుగానూ దాచొచ్చు. వాటిని ఒకే రూపంలోకి తెచ్చే నార్మలైజ్ అనే ఫంక్షన్ పోస్ట్‌గ్రెస్ 13 నుంచి ఉంది. పేర్లను డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడే దాన్నీ, ముందూ వెనకా ఖాళీలు తీసేసే ట్రిమ్‌నీ వాడితే తర్వాత వెతుకులాట సగం తగ్గుతుంది.

మీ లాట్ నంబర్లలో అండర్‌స్కోర్ ఉందన్నావు. 'ఎ_12' అని ఊరికే వెతికితే 'ఎ-12', 'ఎ712' కూడా వస్తాయి. ఆ గుర్తునే వెతకాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి: 'ఎ\_12'. '5% తగ్గింపు' లాంటివాటికీ ఇదే పద్ధతి.

ఇక వెతుకులాట స్లో అవుతోందన్న సంగతి. నిఘంటువులో 'కం'తో మొదలయ్యే మాటలు చిటికెలో దొరుకుతాయి. 'పాలెం'తో ముగిసేవి కావాలంటే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాల్సిందే. డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి కట్టుకునే మామూలు ఇండెక్స్ కూడా అంతే, ముందు శాతం గుర్తు పెడితే పనికిరాదు. పోస్ట్‌గ్రెస్‌లో 'కందు%' లాంటిదానికి కూడా చాలాచోట్ల ఇండెక్స్ కట్టేటప్పుడే టెక్స్ట్_ప్యాటర్న్_ఆప్స్ (text_pattern_ops) అని చెప్పాలి. ఇంగ్లీషులో రాసిన పేర్ల కాలమ్‌లో మధ్యలోని ముక్కతో వెతకక తప్పకపోతే పీజీ_టీఆర్‌జీఎం (pg_trgm) అనే ఎక్స్‌టెన్షన్, అంటే అదనపు భాగం, వేసుకుని జిన్ (GIN) రకం ఇండెక్స్ కట్టు. అది పేరును మూడేసి అక్షరాల ముక్కలు చేసి దాచుకుంటుంది కాబట్టి రెండక్షరాలతో వెతికితే ఉపయోగం ఉండదు. నాకు అది ఇష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. వెంకటేశ్వర్లు అనే పేరును మనవాళ్లు ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తారో నీకు తెలుసు. అదే ఎక్స్‌టెన్షన్‌లోని సిమిలారిటీ ఫంక్షన్ దగ్గరదగ్గరి స్పెల్లింగులను కూడా పట్టి చూపిస్తుంది. పెద్ద చిన్న అక్షరాల తేడా వద్దనుకుంటే లైక్ బదులు ఐలైక్ వాడు.

'నాట్ లైక్' దగ్గర మరీ జాగ్రత్త. కావలి కాని వాళ్లందరూ కావాలని అడిగితే ఊరి కాలమ్ నల్‌గా, అంటే ఏమీ నింపకుండా, ఉన్నవాళ్లు రారు. వాళ్లను 'ఈజ్ నల్' అని విడిగా అడగాలి. బాకీల జాబితా తీసేటప్పుడు ఇది మర్చిపోతే పాపం ఎవరి లెక్కో పూర్తిగా తప్పిపోతుంది.

ప్యాటర్న్‌తో అప్‌డేట్ గానీ డిలీట్ గానీ చేసేముందు అదే షరతుతో సెలెక్ట్ వేసి, వచ్చిన వరసలను కళ్లతో చదువు. తర్వాత బిగిన్ కొట్టి పని చెయ్యి. ఎన్ని వరసలు మారాయో చూసి, ఇందాక లెక్కతో సరిపోతేనే కమిట్, అంటే ఖాయం చెయ్యి. తేడా ఉంటే రోల్‌బ్యాక్, అంటే వెనక్కి తీసుకో. ఓనర్ పక్కన నిలబడి తొందరపెట్టినా ఇది మానొద్దు.

ఆ స్లో క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ అని పెట్టి నడిపితే డేటాబేస్ ఎలా వెతుకుతుందో చూపిస్తుంది, అది ఫొటో తీసి పంపు. ఏ ఇండెక్స్ కావాలో చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య