మోకాళ్ళ నొప్పులతో లుబ్లియానా తిరగొచ్చా?

ప్రశ్న: అక్కయ్యగారూ, మా అబ్బాయి వియన్నాలో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరులో వెళ్తున్నాం. అక్కణ్ణుంచి వెనిస్ వెళ్ళే దారిలో స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో ఒక రోజు ఆగాలని నాకుంది. "అక్కడేముందమ్మా, రెండు గంటలు చాలు" అంటాడు వాడు. పైగా మావారికి మోకాళ్ళ నొప్పులు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీవాడు చెప్పింది కొంత నిజమే. మూడు లక్షల లోపు జనాభా, మీ ఊరికంటే చిన్నది. సూట్‌కేసులు స్టేషన్ లాకర్లో పడేసి పది నిమిషాలు నడిస్తే ఊరి నడిబొడ్డుకు చేరిపోతారు. రెండు గంటల వాళ్ళు డ్రాగన్ వంతెన మీద ఫొటో దిగి, కోట ఎక్కి దిగి వెళ్ళిపోతారు. నాకైతే ఆ కోట పెద్దగా నచ్చలేదు, మరీ కొత్త ఇల్లులా బాగుచేసేశారు. పైనుంచి కనబడే ఎర్ర పెంకుల కప్పుల కోసం ఎక్కొచ్చు. ఎక్కితే మాత్రం కొండమీదికి లాక్కెళ్ళే కేబుల్ రైలే ఎక్కండి, నిమిషం పని. టికెట్ డబ్బులు మిగులుతాయని నేను నడిచి ఎక్కాను. పట్టింది పావుగంటే గానీ సాయంత్రం దాకా పిక్కలు పట్టేశాయి.

కింద నడకకు భయపడక్కర్లేదు, ఊరంతా చదును. 2007 నుంచి పాత ఊళ్ళోకి కార్లు రానివ్వడం ఆపుతూ వచ్చారు. హారన్ మోతే ఉండదు. సైకిళ్ళు మాత్రం చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చేస్తాయి, చూసుకోండి. మీవారికి నొప్పెక్కువైతే కవలీర్ అనే చిన్న బ్యాటరీ బండ్లున్నాయి, డబ్బులు తీసుకోరు. ఫోన్ చేసి పిలవొచ్చు, దారిలో కనబడితే చెయ్యెత్తి ఆపొచ్చు.

ఇక అసలు సంగతి. ఆ ఊరికి వెళ్ళేముందు యోజె ప్లెచ్నిక్ పేరు తెలుసుకుని వెళ్ళండి. 1872లో అక్కడే పుట్టిన ఆర్కిటెక్టు. మీ అబ్బాయి ఉంటున్న వియన్నాలో, తర్వాత ప్రాగ్‌లో పనిచేసి, యాభైకి దగ్గరపడ్డాక సొంతూరు తిరిగొచ్చాడు. మిగిలిన జీవితమంతా ఆ ఊరి వంతెనలకీ, మార్కెట్‌కీ, లైబ్రరీకీ, ఏటి ఒడ్డు మెట్లకీ పెట్టాడు. 2021లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి మధ్యలో 1842 నాటి రాతి వంతెన రద్దీకి ఇరుకైపోయింది. ఇంకొకరైతే పడగొట్టి వెడల్పు చేసేవారు. ఈయన దాన్ని పడగొట్టకుండా అటొకటి ఇటొకటి నడిచేవాళ్ళ కోసం రెండు చిన్న వంతెనలు వేశాడు. మూడూ పక్కపక్కనే ఉంటాయి.

అక్కణ్ణుంచి లుబ్లియానిత్సా ఏటి వెంట ఎగువకు పావుగంట నడవండి. ట్రనోవో అనే పేట దగ్గర ఆయన కట్టించిన రేవు మెట్లున్నాయి, నీళ్ళ దాకా దిగుతాయి. గోదావరి గట్టున పెరిగినవారు, మీకు నేను చెప్పేదేముంది! మేం గంటన్నర అక్కడే కూర్చున్నాం. దగ్గర్లోనే చిన్న కాలవ మీద ఇంకో వంతెన, దానిమీద చెట్లు పెంచారు. నేల మీద కాదు, వంతెన మీదే.

వెనక్కొచ్చాక మూడు వంతెనల ముందున్న కవి ప్రెషెరెన్ విగ్రహం దగ్గర ఆగండి. ఆయన ప్రేమించి దక్కించుకోలేకపోయిన యూలియా బొమ్మ ఎదురు వీధిలో ఒక ఇంటి గోడ మీద, కిటికీలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఆయన చూపు అటే. ఆయన చనిపోయిన ఫిబ్రవరి 8 ఆ దేశమంతటికీ సెలవు.

ఆదివారం మాత్రం దిగకండి. మేం అదే చేశాం. మార్కెట్లో ఉత్త బల్లలు, దుకాణాలు చాలావరకు మూసేశారు. సోమవారం పొద్దున్నే బస్సుకు ముందు మళ్ళీ మార్కెట్‌కి పరుగెత్తాల్సి వచ్చింది. గొడుగు మరవకండి, అక్కడ వానలెక్కువ.

ప్రశ్న: మేం శాకాహారులం. లుబ్లియానాలో తిండి దొరుకుతుందా? కొనితెచ్చుకోదగ్గది ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ష్ట్రుక్లి అని అడగండి. పల్చటి పిండిలో పనీర్ లాంటి మెత్తటి జున్ను పెట్టి చుట్టి ఉడికిస్తారు. వాల్‌నట్ పెట్టిన తియ్యటివీ ఉంటాయి. పల్చటి పిండి పొరల్లో జున్నో మాంసమో పెట్టి కాల్చే బురెక్ కొనేటప్పుడు జాగ్రత్త, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. "సిర్" అంటే జున్ను, "మెసో" అంటే మాంసం. ఈ రెండు మాటలు వస్తే చాలు. తాగే నీళ్ళు కొనొద్దు, వీధి కొళాయి నీళ్ళు బాగుంటాయి.

కొనాలంటే మార్కెట్లో గుమ్మడి గింజల నూనె కొనండి. ముదురు ఆకుపచ్చగా, వేయించిన పల్లీలకు దగ్గరగా ఉండే వాసన. వాళ్ళు పచ్చి కూరముక్కల మీద పోసుకుంటారు. నేను తెలియక పోపు పెట్టాను. వంటిల్లంతా పొగ, పప్పు చేదు, సగం సీసా వృథా.