అవార్డుల కమిటీలో పడ్డ మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధన జనానికి మేలు చేస్తే ఆ పని చేసినవాళ్లకు ఏమివ్వాలి, ఎలా ఇవ్వాలి అని నియమాలు రాసే కమిటీలో నిన్ను వేశారని మీ అమ్మ చెప్పింది. మర్నాడే నీ మెసేజ్ వచ్చింది, "మీకు తోచింది రాసి పంపండి పెదనాన్నా" అని. ఉద్యోగమంతా వరి బ్రీడరుగా, అంటే కొత్త వరి రకాలు పుట్టించేవాడిగా, బురదలోనే గడిచింది కాబట్టి నాకు తోచేదంతా వరి గురించే. మీ కమిటీలో పశువైద్యులూ ఇంజనీర్లూ ఉంటే వాళ్లకు తగ్గట్టు మార్చుకోండి.

అన్నిటికంటే ముందు, "అర్హులైనవారు దరఖాస్తు చేసుకోవలెను" అని సర్క్యులర్ మాత్రం పంపకండి. పంపారంటే అవార్డు ఫారం నింపడం బాగా వచ్చినవాడికి పోతుంది. మన శాఖలో మంచి పనివాళ్లు చాలామంది తమ గురించి రెండు వాక్యాలు రాయమంటే నీళ్లు నములుతారు. మూడు సెట్ల జిరాక్సులు తీయించి, స్పైరల్ బైండింగు చేయించి, హెడ్ సంతకం కోసం గుమ్మం ముందు నిలబడే ఓపిక వేరే రకం మనుషులకు ఉంటుంది. మీరు అటు చివరనుంచి మొదలుపెట్టండి. రైతు పొలంలో ఏముందో ముందు చూడండి. ఏ రకం, ఏ పద్ధతి, ఏ పనిముట్టు నిలబడిందో తేల్చుకుని, అక్కణ్నుంచి వెనక్కి వస్తూ అది ఎవరి చేతిలో పుట్టిందో కనుక్కోండి. ఎంపిక చేసే బాధ్యత కమిటీది. అడుక్కునే బాధ్యత శాస్త్రవేత్తది కాకూడదు.

ఇక అసలు చిక్కు రాయల్టీ దగ్గరుంది. మీటింగులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: "ఎవరి పరిశోధన ఎంత రాయల్టీ తెచ్చిందో చూసి, అందులో వాటా ఇచ్చేస్తే సరిపోతుంది కదా, లెక్క తేలిక" అని. వినడానికి బాగుంటుంది. అమెరికాలో 1980లో ఇటువంటి ఆలోచనతోనే చట్టం చేశారు. మన దగ్గరా 2008లో ప్రభుత్వ నిధులతో పుట్టిన మేధోసంపత్తి మీద ఒక బిల్లు రాజ్యసభకు వచ్చింది. కనిపెట్టినవాళ్లకు ఆదాయంలో కనీసం 30 శాతం ఇవ్వాలని అందులో రాశారు. అది చట్టం కాలేదు, 2014లో వెనక్కి తీసుకున్నారు. వాటా ఇవ్వడాన్ని నేను తప్పుపట్టడం లేదు. వచ్చిన రాయల్టీలో వాటా ఇవ్వాల్సిందే. కానీ రాయల్టీని జనానికి జరిగిన మేలుకు కొలబద్దగా పెట్టుకున్నారో, వరివాడికి ఏనాటికీ ఏమీ దక్కదు.

ఎందుకంటావా? వరి తనలో తానే పరాగసంపర్కం చేసుకునే పంట, కాబట్టి దాచిన గింజ వేసినా మళ్లీ అదే రకం వస్తుంది. రైతు ఒకసారి మంచి విత్తనం కొంటే, దాన్నే దాచుకుని ఏళ్లపాటు వేసుకుంటాడు, వియ్యంకుడికి బస్తా పంపుతాడు, పక్క ఊరివాడికి మార్పిడికి ఇస్తాడు. మన 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టమే ఆ హక్కు ఇచ్చింది. బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు గానీ, దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోనూవచ్చు. మంచి చట్టం అది. హైబ్రిడ్ మొక్కజొన్న అలా కాదు, ఏటా విత్తనం కొనాల్సిందే, కాబట్టి ఏటా డబ్బు తిరిగొస్తుంది. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం చూడు. దాని నంబరు ఎంటీయూ 7029. 1982లో విడుదలైంది. గోదావరి డెల్టా దాటి ఒడిశా, బెంగాల్, బీహార్ పట్టింది, సరిహద్దు దాటి బంగ్లాదేశ్, నేపాల్ పొలాల్లోకీ పోయింది. ఆ విత్తనం సంచుల్లో, సైకిళ్ల మీద, పెళ్లికి వెళ్లొచ్చిన చుట్టాల చేతుల్లో పోయింది. దానికి రసీదు ఎవడు రాశాడు? రసీదుల్ని బట్టి మేలు కొలిస్తే స్వర్ణ ఏ మేలూ చెయ్యనట్టే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. పూసా బాస్మతి 1121 ఢిల్లీలో పుట్టింది, 2003లో విడుదలైంది. దాని వెనకున్న విజయ్‌పాల్ సింగ్ గారికి 2012లో పద్మశ్రీ వచ్చింది. చాలా సంతోషం, వంద శాతం అర్హుడు. కానీ బాస్మతి ఓడెక్కుతుంది, ఓడెక్కిన ప్రతి బస్తాకూ లెక్క ఉంటుంది, ఆ లెక్క మంత్రుల ప్రసంగాల్లోకి ఎక్కుతుంది. బాపట్లలో 1986లో వచ్చిన సాంబ మసూరి, మనం బీపీటీ అని పిలిచేది, మనింటి కంచంలోకి వెళ్తుంది. కంచానికి కస్టమ్స్ వాళ్లు ఉండరు కదా! ఇలా లెక్కలోకి రాని మేలును లెక్కలోకి తెచ్చే పని మీ కమిటీదే అనుకో.

ఎలా తేవాలంటే, బ్రీడర్ విత్తనానికి, అంటే రకం పుట్టించినవాళ్లు ఇచ్చే మూల విత్తనానికి, రాష్ట్రాలు ఏటా పెట్టే ఇండెంట్లు (ఆర్డర్లు) తీసి చూడండి. విడుదలై ఇరవై ఏళ్లు దాటినా ఒక రకానికి ఇండెంటు వస్తోందంటే దాని వెనక జనం ఉన్నారు. ధృవీకరణ విత్తనం ఎన్ని ఎకరాల్లో పండిస్తున్నారో అడగండి. మిల్లర్లతో మాట్లాడండి, ఏ ధాన్యానికి క్వింటాలుకు ఎక్కువిస్తున్నారో వాళ్లు ఉన్నదున్నట్టు చెబుతారు. కానీ బజారు పేర్లు నమ్మకండి. కర్నూలు సోనా అంటారు, సోనా మసూరి అంటారు, సంచీలో ఉండేది చాలాసార్లు మన బీపీటీయే. అనుమానం ఉన్నచోట గింజలు తెచ్చి డీఎన్ఏ పరీక్ష చేయించండి. మన శాఖలో ఆ పరీక్ష చేసే ల్యాబులకు కొదవ లేదు. ఒక్క అవార్డుకు ఇంత తతంగమా అని ఆర్థిక విభాగం వాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి.

ఎప్పుడివ్వాలి అన్నది రెండో తిప్పలు. రెండు రకాలను సంకరం చేసిన రోజునుంచి కొత్త రకం విడుదలయ్యేసరికే పదేళ్లు పైన. అక్కణ్నుంచి రైతుల్లోకి వెళ్లి నిలబడాలంటే మరికొన్నేళ్లు. విడుదల రోజున చప్పట్లు కొట్టి బహుమతి ఇస్తే, మూడో ఏడు సుడిదోమ పురుగుకు పడిపోయే రకానికి కూడా ఇచ్చినట్టవుతుంది. అలాగని మరీ ఆలస్యం చేసినా తప్పే. దిలీప్ మహలనబిస్ గారు 1971లో బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు తాగించి ఎందరినో బతికించారు. ఇవాళ ప్రతి ఇంట్లో ఉండే ఓఆర్ఎస్ పొట్లం మీద నమ్మకం కుదిరింది అటువంటి అనుభవాలతోనే. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో ప్రకటించారు. ఆయన పోయింది 2022 అక్టోబరులో. కాబట్టి రెండు మెట్లు పెట్టమంటాను: విడుదలైన ఐదో ఏట చిన్నది, పదిహేనో ఏట పెద్దది. రెండోది అందుకునేసరికి మనిషి రిటైరై ఉంటాడు, బహుశా పిల్లల దగ్గర డాలస్‌లోనో పుణేలోనో ఉంటాడు. సర్వీసులో ఉన్నవాళ్లకే అనే మాట నియమాల్లో ఎక్కడా దొర్లనివ్వకు. మనిషి లేకపోతే కుటుంబానికి అందేలా రాయండి.

ఎవరికివ్వాలన్నది మాత్రం నిదానంగా ఆలోచించు, గొడవలన్నీ ఇక్కడే. విడుదల ప్రతిపాదన మీద పేర్లు ఏ వరసలో ఉంటాయో నీకూ తెలుసు. విడుదల నాటికి కుర్చీలో ఉన్నాయన పేరు ముందుంటుంది. పన్నెండేళ్ల కిందట సంకరం చేసినవాడు ఈలోపు నాలుగు పరిశోధన స్టేషన్లు మారి ఉంటాడు. కాబట్టి ప్రతిపాదన చూడకండి, సంకరణ రిజిస్టరు తెప్పించండి. ఏ తేదీన ఏ తల్లి, ఏ తండ్రి, చేసిందెవరు, రెండో తరంలో ఏ మొక్క ఎంచారు, ఎవరు ఎంచారు, అంతా అందులో ఉంటుంది. నేను పనిచేసిన ఒకచోట ఆ రిజిస్టర్లు పాత సామానుతో పాటు తూకానికి వెళ్లిపోయాయి. అందుకే మీ నియమాల్లో మొదటి పేజీలోనే రాయండి, అన్ని స్టేషన్ల రిజిస్టర్లూ స్కాన్ చేసి భద్రపరచాలని. అవార్డు వల్ల మరేం ఒరక్కపోయినా ఈ ఒక్క పని మిగులుతుంది.

రిజిస్టరులో కూడా లేనివాళ్లున్నారు. పూత సమయంలో ఒక్కో పువ్వు కొస కత్తిరించి, పుప్పొడి తిత్తులు తీసి, కంకికి కవరు తొడిగే పని సగం ఫీల్డుమన్‌లదీ, రోజుకూలీ ఆడవాళ్లదీ. వాళ్ల చేతి నైపుణ్యం నాకు ఏనాడూ రాలేదు. డబ్బులో వాళ్ల వాటా ఎంతో ముందే శాతంలో రాసేయండి, తర్వాత దయతో ఇచ్చేలా కాదు. జట్టుకు ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. కేంద్రం కొత్తగా పెట్టిన రాష్ట్రీయ విజ్ఞాన పురస్కారాల్లో జట్టు కోసమే ఒక విభాగం ఉంది, 2024లో చంద్రయాన్ 3 బృందానికి దక్కింది.

జట్టు అంటే ఎక్కడ ఆపాలి అని నువ్వు అడుగుతావు. మెరుగైన సాంబ మసూరినే తీసుకో. ఎండాకు తెగులుకు తట్టుకోలేని బీపీటీలోకి హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లూ, రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం వాళ్లూ కలిసి మూడు నిరోధక జన్యువులు ఎక్కించారు, 2008లో విడుదలైంది. ఆ జన్యువులిచ్చిన వంగడం పంజాబు వాళ్లది. వాటిలో ఒక జన్యువు ఆఫ్రికాలో మాలి దేశపు అడవివరిది. బాపట్ల తల్లి మొక్కకు పుట్టిల్లు చూస్తే కోయంబత్తూరు, తైవాన్, మలేషియా! అందరికీ చెక్కులు రాయలేం. ఆ మెట్టు ఎక్కించినవాళ్లకు డబ్బు, ముందు మెట్లవాళ్లకు ప్రశంసాపత్రంలో పేరుపేరునా ప్రస్తావన. పత్రం రెండు పేజీలైతే కానివ్వండి.

ఏమివ్వాలంటే, శాలువాలు వద్దు. మా బీరువా ఒక అర నిండా ఉన్నాయి, మీ పెద్దమ్మ చలికాలం పనివాళ్లకు ఇస్తూ వస్తోంది, అయినా తరగడం లేదు. సర్వీసులో ఉన్న శాస్త్రవేత్తకు నిజంగా కావలసింది ఐదేళ్లపాటు అడగక్కర్లేని నిధి, ఒక సహాయకుడు, ఆ ఐదేళ్లూ బదిలీ లేదన్న కాగితం. నన్నడిగితే మూడోదే అన్నిటికంటే విలువైంది. ఫీల్డుమన్‌కూ, కూలీలకూ మాత్రం నగదే ఇవ్వండి, నేరుగా ఖాతాలో వేయండి.

అమ్మకానికి వస్తువే లేని పని కూడా ఉంటుంది, దాన్ని మరిచిపోకండి. దమ్ము చేయకుండా పొడి దుక్కిలో వరి వెదజల్లి నీళ్లు మిగిల్చే పద్ధతి కుదిర్చినవాళ్లున్నారు. ఫలానా మందు ఈ పురుగు మీద పనిచేయడం లేదు, కొట్టకండి అని ధైర్యంగా చెప్పినవాళ్లున్నారు. రైతు జేబులోంచి పోకుండా ఆగిన డబ్బు కూడా మేలే. కాకపోతే ఈ విభాగానికి గట్టిగా వాదించేవాడు మీ కమిటీలో ఒకడైనా ఉండాలి, లేకపోతే మొదటి సంవత్సరమే కొట్టేస్తారు.

ఈ అవార్డును ప్రమోషన్ మార్కులతో మాత్రం ముడిపెట్టకండి. పెడితే కుర్రవాళ్లంతా తొందరగా పేరొచ్చే పనులకే ఎగబడతారు, పదేళ్ల పని ఎవరూ ముట్టరు. అర్హులు దొరకని ఏడాది ఎవరికీ ఇవ్వకుండా ఆ సొమ్ము మరుసటి ఏటికి జమ చేసే వీలు కూడా ఉంచండి.

సంక్రాంతికి వస్తావుగా, ముసాయిదా ప్రింటు తీయించి పట్టుకురా. ఫోనులో పీడీఎఫ్‌లు చదవడం నా కళ్లవల్ల కాదు. వాటాల పేజీలో మాత్రం పక్కన ఖాళీ ఎక్కువ ఉంచు, అక్కడ రాయాల్సింది చాలా ఉంటుంది.

ఇట్లు,
మీ పెదనాన్న