బంతి గీత దాటాక ఆట మళ్లీ ఎలా మొదలవుతుంది?

గచ్చిబౌలిలో పిల్లల ఫుట్‌బాల్ చూసి మీరు అడిగారు: బంతి బయటికి పోతే ఒకసారి చేత్తో విసురుతారు, మరోసారి కాలితో తంతారు, ఎందుకని?

ముందు ఒక మాట. బంతి అంచు గీత మీద కాస్త ఉన్నా ఆట సాగుతున్నట్టే. నేల మీదైనా గాలిలోనైనా బంతి మొత్తం దాటాలి.

పక్క గీత దాటితే, చివరగా తాకిన జట్టుకు కాకుండా అవతలి జట్టుకు త్రో-ఇన్. పిల్లలు తరచూ పొరబడేది ఇక్కడే. మైదానం వైపు తిరిగి, రెండు చేతులతో, తల వెనుక నుంచి తల మీదుగా విసరాలి. బంతి వదిలే క్షణంలో రెండు పాదాలూ గీత మీదో వెలుపలో నేలను తాకి ఉండాలి. మడమ లేస్తే తప్పు కాదు. పాదం పూర్తిగా లేస్తేనే తప్పు, అప్పుడు త్రో ఎదుటివారిది. 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి ఊరైన హైదరాబాద్‌లో పిల్లలకు ఇది మొదటి రోజే నేర్పాలి.

గోల్ కాకుండా గోల్ గీత దాటితే, దాడి చేసే జట్టు చివరగా తాకినప్పుడు గోల్ కిక్ (కాపాడుకునే జట్టు తన గోల్ ముందు నుంచి తన్నేది), కాపాడుకునే జట్టు తాకినప్పుడు కార్నర్ (దాడి చేసే జట్టు మైదానం మూల నుంచి తన్నేది).

ఈ మూడింటి నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ (కాపాడే ఆటగాళ్లను దాటి ఎదుటి గోల్ వైపు ముందే నిలబడి బంతి అందుకునే తప్పు) ఉండదు. కార్నర్ నేరుగా ఎదుటివారి గోల్‌లో పడితే గోలే; త్రో పడితే కాదు.