అమ్మకు సీరియల్ పేరొక్కటే తెలుసు

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబులో ఆరేళ్లుగా చేస్తున్నాను. జడ్చర్లలో నలుగురం అమ్మాయిలం కలిసి ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. ఒకరు బ్యాంకు, ఒకరు నర్సు, ఒకరు గురుకులం టీచర్. టీచర్‌కు పోయినేడు పెళ్లయి మిర్యాలగూడ వెళ్లిపోయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తోంది. ఆదివారాలు మేం సెక్స్ అండ్ ద సిటీ సీరియల్ చూస్తుంటాం. దసరాకు ఊరెళ్తే తమ్ముడు నా ఫోన్‌లో ఆ పేరు చూసి అమ్మకు చెప్పాడు. "గిందుకేనా పెండ్లి వద్దంటున్నవ్? ఆ పోరీలే నిన్ను ఖరాబ్ చేసిన్రు" అని అమ్మ ఒకటే ఏడుపు. రూమ్ ఖాళీ చేసి ఇంటికి రమ్మంటోంది. పెళ్లి వద్దని నేనెప్పుడూ అనలేదు. మ్యాట్రిమొనీలో పరిచయమైన అబ్బాయితో ఐదు నెలలు మాట్లాడాను, హైదరాబాద్‌లో రెండుసార్లు కలిశాను. అర్జెంటుగా యాభై వేలు కావాలన్నాడు. పంపబోతుంటే బ్యాంకు ఫ్రెండ్ ఆపింది. ఇవ్వలేనని చెప్పినప్పటి నుంచి, మూడు వారాలుగా, మెసేజ్ చూస్తాడు కానీ జవాబివ్వడు. బిజీగా ఉన్నాడేమోనని నర్సు ఫ్రెండ్ అంటుంది. నిరుడు నాకు డెంగీ వస్తే ఆమే మూడు రాత్రులు ఆసుపత్రిలో నా పక్కనుంది. ఇవేవీ ఇంట్లో తెలియవు. ఫ్రెండ్స్‌ను వదులుకోవాలా? ఆ సీరియల్ చూసి నిజంగానే చెడిపోయానా?

జవాబు: చివరి ప్రశ్న నుంచి మొదలుపెడతాను. చెడిపోలేదు. ఆ సీరియల్ మా అమ్మాయి పెడితే నేనూ చూశాను. 1998 నుంచి 2004 దాకా అమెరికాలో హెచ్‌బీవో చానెల్‌లో వచ్చింది. ఆరు సీజన్లు, 94 ఎపిసోడ్లు. న్యూయార్క్‌లో పెళ్లికాని నలుగురు స్నేహితురాళ్లు: క్యారీ, మిరాండా, షార్లెట్, సమాంతా. అందులో క్యారీ నాలాగే పత్రికకు కాలమ్ రాస్తుంది. కాకపోతే ఆవిడ ప్రశ్న వేసి ఊరుకుంటుంది, జవాబు చెప్పే తిప్పలు నాకొచ్చాయి. అందులో పచ్చి మాటలు, పచ్చి సీన్లు చాలానే ఉన్నాయి. మీ అమ్మ ఆ పేరులో మొదటి మాట దగ్గరే ఆగిపోయిందంటే ఆమెను తప్పు పట్టను.

కానీ నలుగురూ హోటల్ టేబుల్ చుట్టూ కూర్చుని టిఫిన్ తింటూ నిన్న జరిగింది చెప్పుకోవడమే ఆ సీరియల్‌కు ప్రాణం. ఇది మనకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మది అచ్చంపేట వైపు. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆమె వెంట పల్లికాయ తెంపడానికి పోయేదాన్ని. పీకిన చెట్లు కుప్ప పోసి చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. చేతులు కాయ తెంపుతుంటే నోళ్లు మొగుళ్ల సంగతులు, అత్తల సంగతులు తెంపేవి. నేను దగ్గరకు రాగానే "పిల్ల ఉన్నది" అని ఎవరో ఒకరు మోచేత్తో పొడిచేవాళ్లు, ఇంకొకరు నన్ను బిందె ఇచ్చి నీళ్లకు పంపేవాళ్లు. నీళ్లు తెచ్చేసరికి అందరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతుండేవాళ్లు. మీ అమ్మకూ ఇట్లాంటి కుప్ప ఒకటి ఉండే ఉంటుంది. ఎవరెవరు కూర్చునేవాళ్లో ఒకసారి అడిగి చూడండి.

మీ ఉత్తరంలో నాకు సీరియల్ కన్నా పెద్దగా కనిపించింది చివరన ఉన్న "ఇవేవీ ఇంట్లో తెలియవు" అనే మాట. మీ ఫ్రెండ్స్ గురించి అమ్మకు తెలిసింది సీరియల్ పేరొక్కటే. మూడు రాత్రులు మీ మంచం పక్కన కూర్చున్నది ఎవరో తెలియదు. మీ యాభై వేలు నిలబెట్టింది ఎవరో తెలియదు. అమ్మకు టెన్షన్ ఎందుకని దాచారు, ఆ ఖాళీని తమ్ముడు నింపాడు.

రెండో సీజన్‌లో మిరాండా సొంత డబ్బుతో ఫ్లాట్ కొంటుంది. మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె లాయర్, బాగా సంపాదిస్తుంది. అయినా మొగుడి డబ్బా, నాన్న డబ్బా అన్నట్టే అడుగుతారు. ఆ కొత్త ఇంట్లో ఒక రాత్రి ఒక్కతే తింటుంటే ముద్ద గొంతుకు అడ్డం పడుతుంది. ఎట్లాగో బయటపడి, తను చచ్చిపోయినా ఎవరికీ తెలియదని వణికిపోతూ క్యారీకి ఫోన్ చేస్తుంది. దేవరకొండలో మీ అమ్మకు నిద్ర పట్టనివ్వని భయం కూడా ఇదే. అర్ధరాత్రి బిడ్డకు ఏమన్నా అయితే దగ్గర ఎవరున్నారు? దానికి మీ దగ్గర మంచి జవాబుంది, నిరుడే వచ్చింది. చెప్పలేదంతే.

అందుకని ఈ వారాంతం ఊరికి వెళ్లండి. ఫోన్‌లో వద్దు, తమ్ముడి ముందు అసలే వద్దు. అమ్మ కూర తరుగుతున్నప్పుడు పక్కన కూర్చుని ముందు డెంగీ సంగతి చెప్పండి. తిడుతుంది. "నాకెందుకు చెప్పలే" అని ఏడుస్తుంది. ఏడవనివ్వండి. మర్నాడు ఆ అబ్బాయి సంగతి, డబ్బు సంగతి. రెండుసార్లు కలిశానన్నది కూడా దాచకండి, తర్వాత వేరే నోట తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది. ఆడవాళ్ల స్వేచ్ఛ మీద ఉపన్యాసం మాత్రం ఇవ్వకండి. "పెండ్లి వద్దంటలేనమ్మా. సంబంధాలు చూడండి. కానీ నేను రెండు మూడుసార్లు మాట్లాడినంకనే అవునో కాదో చెప్తా" అంటే చాలు.

రూమ్ ఖాళీ చేయకండి. ఆరేళ్ల ఉద్యోగం మీది. అక్కడి నుంచి కదిలితే షిఫ్టులకు వచ్చిపోవడం కుదరదు, చివరికి ఉద్యోగమే పోతుంది. దానికి బదులు అమ్మనే ఒక వారం జడ్చర్లకు తీసుకురండి. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే వచ్చిన నర్సు పిల్లకు ఆవిడే చాయ్ పెట్టిస్తుంది చూడండి. తమ్ముడితో అంత మాట్లాడాల్సింది లేదు. "నా ఫోన్ ముట్టకు" అని చెప్పి పాస్‌వర్డ్ మార్చండి.

ఇక ఆ అబ్బాయి. ఇక్కడ మీ నర్సు ఫ్రెండ్‌తో నేను ఏకీభవించను. ఆరో సీజన్‌లో మిరాండాతో బయటికొచ్చిన ఒకతను, పిలిచినా ఆమె ఫ్లాట్‌లోకి రాకుండా వెళ్లిపోతాడు. ఎందుకంటావని అడిగితే ఫ్రెండ్స్ ప్రేమ కొద్దీ ఏవేవో కారణాలు వెతికి చెప్తారు. పక్కనే ఉన్న బర్గర్, అంటే క్యారీ అప్పటి బాయ్‌ఫ్రెండ్, అతనికి నీ మీద అంత ఇష్టం లేదని ముఖం మీదే చెప్పేస్తాడు. మిరాండా బాధపడదు, బరువు దిగినట్టు తేలికపడుతుంది. తర్వాత ఆ బర్గర్ మహాశయుడే చిన్న కాగితం ముక్క అంటించి క్యారీని వదిలేసి పోతాడనుకోండి, అది వేరే కథ. మీవాడు ఆ ముక్క కూడా రాయలేదు. డబ్బు అడిగాడు, రాదని తెలిసింది, మాట ఆగిపోయింది. ఈ వరసలో బిజీ ఎక్కడుంది? బ్లాక్ చేసే ముందు డబ్బు అడిగిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మ్యాట్రిమొనీ వాళ్లకు అతని ప్రొఫైల్ మీద ఫిర్యాదు పెట్టండి. మీ ఫొటోలు అతని దగ్గరుండి, వాటితో బెదిరిస్తే భయపడి రూపాయి కూడా పంపకండి. జిల్లాలో పోలీసుల షీ టీమ్ ఉంది, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంది. చెప్పింది చేయకపోయినా ఫ్రెండ్స్ అలగరని గట్టిగా తెలిస్తేనే వాళ్ల సలహా అడగండి. మీ జీవితానికి ముగ్గురి ఓటింగ్ పెట్టకండి.

ఆ సీరియల్‌లో నాకు లోటుగా తోచేది ఒకటుంది. ఆ నలుగురి తల్లిదండ్రులు దాదాపు కనిపించరు. నాన్న మందులు, తమ్ముడి ఫీజు లాంటివి వాళ్ల లెక్కలో ఉండవు, అందుకే క్యారీ అన్నేసి ఖరీదైన చెప్పులు కొనగలిగింది. అత్తగారు మాత్రం అక్కడా అత్తగారే. షార్లెట్ మొదటి అత్త పెత్తనం చూస్తే మన డైలీ సీరియళ్లు గుర్తొస్తాయి. మిరాండా కథ ఇంకోలా ముగుస్తుంది. మతిమరుపు జబ్బు పడిన అత్తగారిని తన ఇంట్లోనే ఉంచుకుని, చివరి ఎపిసోడ్‌లో టబ్బులో కూర్చోబెట్టి ఒళ్లు కడుగుతుంది. ఆ సీన్ గురించి అమ్మకు చెప్పండి. సీరియల్ మాత్రం చూపించకండి, నా మాట విని.

మిర్యాలగూడ అమ్మాయి మారిపోయిందని నొచ్చుకున్నారు. కొత్త కోడలు హాల్లో నిలబడి మాట్లాడే ఫోన్ ముక్తసరిగానే ఉంటుంది. నీకెప్పుడు వీలో అప్పుడు నువ్వే చెయ్యి అని మెసేజ్ పెట్టి వదిలేయండి. లేదంటే జడ్చర్లలో బస్సెక్కండి, కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగా మీ ఊరి పక్కనుంచే ఆ రోడ్డు మిర్యాలగూడ పోతుంది. ముగ్గురూ కలిసి వెళ్లండి. వట్టి చేతులతో మాత్రం వద్దు, అత్తగారున్న ఇల్లు, కిలో పళ్లన్నా పట్టుకెళ్లండి.