మార్కులు అడిగే ముందు పిల్లలెవరో అడగండి

ప్రశ్న: టీచరుగారూ, మాది మలికిపురం మండలంలో సముద్రం వైపు పల్లెటూరు. పాపని జూన్‌లో ఒకటో తరగతిలో చేర్చాలి. మా ఊరి గవర్నమెంటు బడిలో ఐదు తరగతులకీ కలిపి 41 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. మూడో తరగతిలో ఉన్న ఎనిమిది మందిలో ఇద్దరికి చదవడమే రాదట. మా అత్తగారేమో ‘అక్కడంతా పేట పిల్లలూ, చెరువుల కాపలా వాళ్ల పిల్లలే, మన పాప వెనకబడిపోతుంది’ అంటున్నారు. ప్రైవేటు స్కూలు బస్సు ఇంటి ముందుకే వస్తుంది. ఏం చెయ్యాలో తేలక టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఎనిమిది మంది లెక్క తేలుద్దాం. ఎనిమిది మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్లా పన్నెండున్నర శాతం. ఇద్దరికి చదవడం రాకపోతే బడి ఫలితం 75కి పడిపోతుంది. ఆ ఇద్దరూ వేరే ఊరు వెళ్లిపోయారంటే అదే టీచరు, అదే పాఠం, ఫలితం నూటికి నూరు! ఇంత చిన్న బడిని శాతాలతో తూచకూడదు. ఆ ఇద్దరూ ఎవరు, ఎప్పుడు చేరారు అని అడగండి. రొయ్యల చెరువుల కాపలాకి శ్రీకాకుళం వైపు నుంచీ ఒడిశా నుంచీ కుటుంబాలు వస్తుంటాయి. వాళ్ల పిల్లలు ఏడాది మధ్యలో చేరతారు, చెరువులో రొయ్యల పట్టుబడి అయిపోయాక ఎక్కడ పని దొరికితే అక్కడికి పోతారు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లకి అక్టోబరులో మన అక్షరాలు మొదలుపెట్టి, మార్చికల్లా గుణింతాలు దాటించిన టీచరు ఎంత పని చేసినట్టు! మార్కుల రిజిస్టరులో మాత్రం ఆ పిల్ల ‘చదవడం రాదు’ కిందే ఉంటుంది.

మీ అత్తగారు పెద్దావిడ, ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. కానీ పేట పిల్లల మాట దగ్గర మాత్రం నేను ఊరుకోలేను. లంక ఊళ్ల బళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. తెలివి పేటలో తక్కువగానూ ఊళ్లో ఎక్కువగానూ పుట్టడం నేనెక్కడా చూడలేదు. తేడా ఇంటి దగ్గర వస్తుంది. పక్కన కూర్చుని హోంవర్కు చేయించే అమ్మ ఒక పిల్లకి ఉంటుంది. ఇంకో పిల్ల, అమ్మ తెల్లారకుండానే రొయ్యల ఫ్యాక్టరీ బస్సు ఎక్కేస్తే, తమ్ముడికి అన్నం పెట్టి, జడ తనే వేసుకుని బడికొస్తుంది. ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టి, వచ్చిన తేడాని బడి ఖాతాలో రాసేస్తున్నాం. ప్రైవేటు బడి గొప్పగా చెప్పుకునే మార్కుల్లో ఇంటి వాటా ఎంతో, బడి వాటా ఎంతో విడదీసి అడిగేవాళ్లు లేరు.

సర్వేల పేరు చెప్పి ఎవరైనా భయపెడితే నమ్మకండి. 2021లో జరిగిన జాతీయ సాధన సర్వే గానీ, 2024 డిసెంబరులో జరిగిన పరఖ్ సర్వే గానీ కొన్ని బళ్లని ఎంచుకుని జిల్లా, రాష్ట్రం పరిస్థితి చెప్పేవి. మీ ఊరి బడికి ర్యాంకు ఇచ్చేవి కావు. బళ్ల లెక్కలన్నీ ఉండే ప్రభుత్వ వెబ్‌సైటు యూడైస్ ప్లస్‌లో మీ బడి వివరాలు చూడొచ్చు గానీ అందులో ఉండేది పిల్లలెంతమంది, టీచర్లెంతమంది, గదులు, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయన్న లెక్క. చదువు ఎలా ఉందో తెలియాలంటే మీరే వెళ్లాలి.

ఒక పూట వెళ్లండి. హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని, మూడో తరగతి పిల్లల్లో ఏడాది మొదటి నుంచీ అక్కడే ఉన్న ఇద్దరు ముగ్గురి చేత చదివించండి. తెలుగు వాచకంలో ఇంకా చెప్పని పాఠం తియ్యండి. చెప్పేసిన పాఠమైతే కంఠతా వచ్చేసి ఉంటుంది, పుస్తకం తిరగేసి పట్టుకున్నా అప్పజెప్పేస్తారు. తర్వాత 52లోంచి 27 తీసెయ్యమనండి. 25 వస్తే సరే. 35 అని రాస్తే పైన ఉందా కింద ఉందా చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారని అర్థం. పదులు అప్పు తెచ్చుకోవడం ఇంకా తెలియలేదు. ఆ 35 చూసి టీచరు ఏం చేస్తారో గమనించండి. తప్పు కొట్టి వదిలేస్తున్నారా, పుల్లల కట్టలు తీసి ఒక కట్ట విప్పి చూపిస్తున్నారా? నేనైతే బడి మంచీచెడూ అక్కడే తేల్చుకుంటాను. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అన్నదే 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం లక్ష్యం కూడా.

మీరు నిజంగా కంగారుపడాల్సింది ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు అన్న దగ్గర. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరే. అందులో ఒకరు ట్రైనింగుకో సెలవు మీదో వెళ్తే ఆ రోజు ఐదు తరగతులూ ఒకరి మీదే పడతాయి. ‘అలాంటి రోజు ఒకటో తరగతి పిల్లలు ఏం చేస్తారండీ?’ అని మొహమాటపడకుండా అడగండి. పెద్ద పిల్లలకి పని ఇచ్చి చిన్నవాళ్ల దగ్గర కూర్చుంటామని వివరంగా చెప్పగలిగితే పాపని ధైర్యంగా చేర్చండి. తడబడితే ఇంకో ఏడాది ఆలోచించే హక్కు మీకుంది, మిమ్మల్ని నేను తప్పుపట్టను. ఇంగ్లీషు కోసమే బస్సు ఎక్కించాలనుకుంటే మాత్రం వద్దు. గవర్నమెంటు బడి పుస్తకాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్నాయి.

ప్రశ్న: మా అమ్మాయి మస్కట్‌లో పనిచేస్తోంది, మనవడు నా దగ్గరే ఉండి మూడో తరగతి చదువుతున్నాడు. బడి కమిటీలో ఉంటానంటే తల్లిదండ్రులకే తప్ప అమ్మమ్మలకి కుదరదన్నారు. నిజమేనా? – ఒక అమ్మమ్మ, అంబాజీపేట

జవాబు: కుదురుతుందమ్మా. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్‌లో తల్లిదండ్రులు లేదా సంరక్షకులు అనే ఉంది. కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్లే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. గల్ఫ్‌లో తల్లి, ఇంట్లో అమ్మమ్మ – మన కోనసీమలో ఇలాంటి ఇళ్లెన్నో. మీలాంటివాళ్లని బయట ఉంచితే ఆ పిల్లల తరఫున మాట్లాడేదెవరు? అడ్మిషన్ రిజిస్టరులో మనవడి పేరు దగ్గర సంరక్షకురాలిగా మీ పేరు రాసి ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించి హెడ్మాస్టరుగారికి ఇచ్చి, కమిటీ ఎన్నికకి ముందే రాయించుకోండి.