బాండ్ సంగతి తర్వాత, ముందు ఆ ఖాళీ చెక్కు సంగతి చూడండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లెటూరు. బీటెక్ అయ్యాక బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. 2 ఏళ్లు పనిచేస్తానని, మధ్యలో మానేస్తే 3 లక్షలు కడతానని బాండ్ రాయించుకున్నారు. నాన్న చేత పూచీకత్తు సంతకం పెట్టించారు. టెన్త్ నుంచి బీటెక్ దాకా ఒరిజినల్స్ అన్నీ, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి తీసుకున్నారు. ఇప్పటికి 14 నెలలైంది. ట్రైనింగ్ అంటే రెండు వారాలు వీడియోలు చూపించారు, అంతే. వైట్‌ఫీల్డ్‌లో మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. 3 లక్షలు కడితేనే సర్టిఫికెట్లు, రిలీవింగ్ లెటర్ ఇస్తామని, లేదంటే నాన్న మీద కేసు వేస్తామని హెచ్‌ఆర్ అంటున్నారు. నోటీస్ పీరియడ్ 60 రోజులు. చెప్పకుండా మానేస్తే ఏమవుతుంది?

జవాబు: చెప్పకుండా మాత్రం మానేయకండి. ఇప్పటిదాకా తప్పు వాళ్ల వైపు ఉంది. మీరు రాత్రికి రాత్రి మాయమైతే 'అబ్‌స్కాండింగ్' (చెప్పాపెట్టకుండా పారిపోయారు) అని రాసుకుంటారు, తప్పు మీ నెత్తికి చుట్టుకుంటుంది. రాజీనామా మెయిల్ పెట్టి 60 రోజులూ పనిచేయండి. కొత్త కంపెనీ అంతవరకు ఆగనంటే, మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసుకు బదులు జీతం కట్టే వీలుందేమో చూడండి. కొన్ని కంపెనీలు ఆ డబ్బు తామే ఇస్తాయి, అడగడానికి మొహమాటపడకండి.

'బాండ్లు కోర్టులో చెల్లవు' అని మీ పీజీలో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది సగం నిజం. ఇష్టం లేని ఉద్యోగంలో కొనసాగమని ఏ కోర్టూ ఆదేశించదు. డబ్బు మాట మాత్రం వేరు. బెంగళూరు ఎం.జి. రోడ్డులో హెడ్డాఫీసు ఉండిన విజయా బ్యాంకు కేసు ఇందుకు తాజా ఉదాహరణ. మూడేళ్లు పనిచేయాలి, లేకపోతే 2 లక్షలు కట్టాలి అన్నది అక్కడి షరతు. ఒక అధికారి గడువు తీరకుండానే ఇంకో బ్యాంకుకు వెళ్లిపోయి, ఆ డబ్బు కట్టి, తిరిగి ఇప్పించమని కోర్టుకెక్కాడు. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 2025 మే 14న సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడి, షరతు చెల్లుతుందని చెప్పింది.

మీ హెచ్‌ఆర్ ఈ తీర్పు చూపించి బెదిరించవచ్చు. అది ఎందుకు అలా వచ్చిందో వాళ్లు చదివి ఉండరు. ప్రభుత్వ రంగ బ్యాంకు తనకు నచ్చినవాణ్ని పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు. బహిరంగ ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి ఎంపిక చేయాలి, దానికి ఖర్చూ సమయమూ పడతాయి. పైగా ఆయనది పెద్ద జీతమున్న సీనియర్ మేనేజర్ పోస్టు, ఆ జీతం ముందు 2 లక్షలు మరీ ఎక్కువ కాదని కోర్టు భావించింది. రెండు వారాలు వీడియోలు చూపించి ఫ్రెషర్ దగ్గర 3 లక్షలు అడగడం ఈ కోవలోకి రాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 74 ప్రకారం బాండ్‌లో రాసిన అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే. కోర్టు ఇప్పించేది అందులో సమంజసమైన నష్టపరిహారమే. మీ మీద ఏం ఖర్చు పెట్టారో, మీరు మానేస్తే ఏం నష్టపోయారో వాళ్లు చూపించాలి. 24 నెలల్లో 14 నెలలు మీరు పనిచేశారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పైసా కట్టక్కర్లేదని నేను హామీ ఇవ్వలేను గానీ, 3 లక్షలు అప్పుచేసి కట్టమని అస్సలు చెప్పను.

ఇలాంటి చిన్న కంపెనీలు కోర్టు ఫీజు కట్టి సివిల్ దావా దాకా వెళ్లడం తక్కువ. వాళ్ల ధీమా అంతా మీ చెక్కు. మీ ఉత్తరంలో దాన్ని ఒక్క మాటతో దాటేశారు, నన్నడిగితే అసలు టెన్షన్ పడాల్సిన కాగితం అదే. వాళ్లు తేదీ, 3 లక్షల అంకె నింపి బ్యాంకులో వేస్తే, ఖాతాలో డబ్బు లేక వెనక్కి వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ ఫిర్యాదు అవుతుంది. ఖాళీగా ఇచ్చానంటే సరిపోదు. సంతకం మీదైతే బాకీ ఉన్నట్టే మొదట భావిస్తారని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బాకీ లేదని చూపించే పని మీ మీద పడుతుంది. ఆ చెక్కుకు డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు చెప్పే స్టాప్ పేమెంట్ ఒక్కటే పెట్టి ఊరుకున్నా రక్షణ లేదు.

అందుకే ఈ వారంలోనే మీ చెక్‌బుక్ తీయండి. చింపిన ఆకు తాలూకు కౌంటర్‌ఫాయిల్ మీద, అది లేకపోతే దాని ముందు వెనక ఆకుల వరసను బట్టి, నంబరు తెలుస్తుంది. ఫలానా నంబరు చెక్కును తేదీ, మొత్తం రాయకుండా, సెక్యూరిటీగా మాత్రమే ఇచ్చానని, ఇవాళ్టికి నేను కంపెనీకి ఏమీ బాకీ లేనని, దాన్ని నింపడానికి నా అనుమతి లేదని, వెనక్కి ఇవ్వమని హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి. అదే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఆ తర్వాతే స్టాప్ పేమెంట్. ఎప్పుడైనా చెక్కు బౌన్స్ అయిందని నోటీసు వస్తే 15 రోజుల్లోపు లాయరు చేత జవాబు ఇప్పించాలి. పోస్ట్‌మ్యాన్‌ను తప్పించుకు తిరగడం పనికిరాదు.

సర్టిఫికెట్లు మీ సొత్తు. బాకీ ఉందని చెప్పి కంపెనీ అట్టిపెట్టుకునే హక్కు లేదు. ఒరిజినల్స్ తెమ్మని చేరేటప్పుడు పంపిన మెయిల్ ఉంటే అదే మీ సాక్ష్యం. ముందు లాయర్ నోటీసు ఇవ్వండి, కదలకపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 316 కింద నమ్మకద్రోహం అని పోలీసు ఫిర్యాదు. 'ఇది సివిల్ మేటర్' అని స్టేషన్‌లో తిప్పి పంపే ప్రయత్నం చేస్తారు, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: యూనివర్సిటీలో డూప్లికేట్ తీసుకుందామని వెళ్లకండి. అక్కడ సాధారణంగా సర్టిఫికెట్ పోయిందని అఫిడవిట్ అడుగుతారు. కంపెనీ బీరువాలో ఉన్నదాన్ని పోయిందని ప్రమాణం చేస్తే ఇరుక్కునేది మీరే.

ఆఖరి జీతం ఆపుతారేమో. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. జీతంలోంచి ఏవి కోయవచ్చో ఆ చట్టంలో జాబితా ఉంది, బాండ్ సొమ్ము అందులో లేదు. ఆపితే బన్నేరుఘట్ట రోడ్డులో డెయిరీ సర్కిల్ దగ్గరున్న కార్మిక భవనకు వెళ్లి లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేయండి. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ (ఉద్యోగం మానేసిన తేదీ) వేయకుండా సతాయించినా, చివరి జమ తర్వాత రెండు నెలలకు మీరే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. ఆఫీసు మెయిల్ మూసేలోగా పే స్లిప్పులు, రాజీనామాకు వచ్చిన జవాబు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. రిలీవింగ్ లెటర్ ఆలస్యమైతే కొత్త కంపెనీకి ఇవి చూపించి మాట్లాడవచ్చు. కంపెనీ సాఫ్ట్‌వేర్ కోడ్, క్లయింట్ ఫైళ్లు మాత్రం ముట్టుకోవద్దు.

ఇక నాన్నగారి విషయం. పూచీ పడినవారి బాధ్యత అసలు మనిషి బాధ్యతను మించదు. మీరు బాకీ అని తేలనిదే ఆయన ఇవ్వాల్సింది లేదు, తేలినా అంతవరకే. అదీ డబ్బు దావాయే, పోలీసులు ఊరికి వచ్చి ఆయన్ని తీసుకెళ్లే కేసు కాదు. ఈ మాట ఆయనకు మీరే ముందుగా చెప్పండి. కంపెనీ నుంచి ఫోన్ వస్తే ఒప్పుకోళ్లు, బతిమాలడాలు వద్దని, ఏదున్నా రాసి పోస్టులో పంపమని చెప్పి పెట్టేయమనండి. వచ్చిన కాగితం మీద సంతకం పెట్టేముందు మీకు వాట్సాప్‌లో ఫోటో పంపమనండి.